సెకండ్ హ్యాండ్ కారుకి రెండో తాళం బయట చేయించవచ్చా?

కారు కొన్నప్పుడు ఒకటే తాళం ఇచ్చారు, రెండోదానికి షోరూంలో 9 వేలు అంటున్నారు, బయట 3 వేలకే చేస్తామంటున్నారు, నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొచ్చు. కానీ ఉన్న తాళం చేతిలో ఉండగానే వెళ్లండి. మాకూ ఒకటే తాళం ఉండేది. ఇవాళ రేపు అంటూ నాన్చాను.

ఒకరోజు దాని ప్లాస్టిక్ డిప్ప పగిలింది. ఆన్‌లైన్‌లో కొత్త షెల్ తెప్పించి, బటన్ల బోర్డు, సెల్, బ్లేడు అందులోకి మార్చి పాతది చెత్తబుట్టలో పడేశాను. బటన్ నొక్కితే డోర్లు తెరుచుకున్నాయి. తీరా తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవడం లేదు. మీటర్ బోర్డులో తాళం గుర్తు మిణుకుమంటోంది. నేనేమో పెట్రోల్ అందడం లేదేమోనని బానెట్ ఎత్తి చూస్తున్నాను!

విజయవాడ ఆటోనగర్‌లో తాళాలు చేసే అతనికి ఫోన్ చేశాను.

"పాత డిప్ప ఎక్కడుంది సార్?"

"పారేశానండీ."

"ముందు అది వెతకండి. అది దొరక్కపోతే నాకు రెండు రోజుల పని."

మా అదృష్టం, చెత్త బండి ఇంకా రాలేదు. టీ పొడి కింద డిప్ప దొరికింది. లోపల ఓ మూల చింతగింజలో సగం కూడా లేని నల్ల ముక్క అతుక్కుని ఉంది. అతను చెప్పినట్టే ఆ డిప్పని ఇగ్నిషన్ పక్కన ఆనించి తాళం తిప్పాను. ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది.

ఆ నల్ల ముక్కే ఇమ్మొబిలైజర్ చిప్, అంటే వేరే తాళంతో ఇంజన్ నడవకుండా ఆపే ఏర్పాటులో భాగం. రిమోట్ వేరు, చిప్ వేరు. రిమోట్‌కి సెల్ కావాలి, మన దగ్గర చాలా కార్లలో అది 433 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. చిప్‌కి సెల్ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉండే కాయిల్ 125 కిలోహెర్ట్జ్ దగ్గర పంపే శక్తితోనే మేల్కొని తనెవరో చెప్పుకుంటుంది. కారు గుర్తుపడితేనే ఇంజన్ నడుస్తుంది. అందుకే మామూలుగా తిప్పే తాళమైతే సెల్ అయిపోయినా బండి కదులుతుంది.

ఆ వారమే అతని దగ్గరికి వెళ్లి రెండోది చేయించాను. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకి (మెకానిక్‌లు కంప్యూటర్ తగిలించే చోటు) మెషిన్ పెట్టి, ఆ కారుకుండే రహస్య పిన్ నంబర్ కొట్టి చిప్‌ని నమోదు చేశాడు. నలభై నిమిషాలు, 2,800 రూపాయలు. అసలు ఒక్క తాళమూ లేకపోతే కొన్ని మోడళ్లలో ఇమ్మొబిలైజర్ డబ్బా ఊడదీసి మెమరీ చదవాల్సి వస్తుందట. రెండు రోజులన్నది అందుకే.

వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న తాళాలన్నీ పట్టుకెళ్లండి. చాలా మోడళ్లలో కొత్తది ఎక్కించేటప్పుడు పాతవి చెరిగిపోతాయి, వాటిని మళ్లీ నమోదు చేయాలి. పని అయ్యాక ప్రతి తాళంతో బండి స్టార్ట్ చేసి, పది నిమిషాలాగి ఇంకోసారి చూశాకే డబ్బులివ్వండి. ఆర్‌సీ అడగని వాడి దగ్గర నేనైతే చేయించను, రేపు ఇంకెవరో మీ కారు తెచ్చినా అడగడు కదా. పుష్ బటన్ కారైనా, వారంటీ ఉన్నా డబ్బుకి చూసుకోకుండా షోరూంకే వెళ్లండి.

ఇంకోటి, మీ రెండో తాళం అమ్మినాయన దగ్గరే ఉందేమో కనుక్కోండి. కారు పోతే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు తాళాలూ అడుగుతారు. దొరక్కపోతే కొత్తది చేయించేటప్పుడే ఆ పాత చిప్‌ని కారు మెమరీలోంచి తీసేయమనండి. అప్పుడు ఆ పాత తాళంతో ఇంజన్ స్టార్ట్ కాదు. డోరు మాత్రం ఆ బ్లేడుతో తెరుచుకుంటూనే ఉంటుంది, లాక్ మారిస్తే తప్ప.