డిగ్రీ లేకుండా ఆరేళ్లు పనిచేసి, ఆ తర్వాత కాలేజీలో చేరాను

అన్నీ ఫోన్‌లోనే నేర్చుకోవచ్చు కదా, మూడు నాలుగేళ్లు కాలేజీలో కూర్చుంటే ఏం వస్తుంది అని ఒకరు అడిగారు. ఒకప్పుడు నేనూ ఇదే అనేవాణ్ణి. అనడమే కాదు, స్కూలు చదువు అవగానే అకౌంట్స్ పనిలో చేరిపోయి, ఆరేళ్లు చేసి, ఇరవై నాలుగో ఏట కాలేజీకి వెళ్లాను. రెండు వైపులా చూశాను కాబట్టి చెబుతున్నా.

ముందు ఉద్యోగం సంగతి. పని నాకు బాగానే వచ్చు, కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పింది కూడా నేనే. అయినా పై పోస్టు ఖాళీ అయినప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న అబ్బాయికే ఇచ్చారు, అతనికి డిగ్రీ ఉంది. నా దరఖాస్తు ఇంటర్వ్యూ దాకా కూడా పోలేదు. చాలా రోజులు నిద్ర పట్టలేదు. తర్వాత కాలేజీలో ఎకనామిక్స్ క్లాసులో మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లో రాసిన పేపర్ గురించి చెప్పారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ఎదుటి మనిషి సత్తా ముందుగా తెలియదు, అందుకే చదువును ఒక గుర్తుగా తీసుకుంటారని ఆయన వివరించారు (2001లో నోబెల్ అందుకున్నవారిలో ఆయనా ఒకరు). అది న్యాయమా కాదా అన్నది వేరే మాట, నాకు జరిగింది ఇదేనని మాత్రం ఆ రోజు అర్థమైంది.

కానీ నాకు దొరికిన అసలు లాభం ఇది కాదు.

ఉద్యోగంలో తరుగుదల లెక్కలు, అంటే వాడేకొద్దీ వస్తువు విలువ ఏటా ఎంత తగ్గిందో చూపే లెక్కలు, ఎన్నో వేశాను. లక్ష విలువైన యంత్రం, పది శాతం తరుగు అనుకోండి, ఒక పద్ధతిలో ఏటా 10,000 తగ్గుతుంది, ఇంకో పద్ధతిలో మిగిలిన విలువ మీద లెక్క కాబట్టి మొదటి ఏడాది 10,000, తర్వాత 9,000, ఆ తర్వాత 8,100, అలా. రెండూ చేసేవాణ్ణి. ఏ పద్ధతి ఎందుకు, దానివల్ల ఆ ఏడాది లాభం ఎక్కువ కనిపిస్తుందా తక్కువ కనిపిస్తుందా అని ఎవరైనా అడిగితే మాత్రం నోట మాట వచ్చేది కాదు. మొదటి ఏడాదిలోనే నేను రాసిచ్చిన ఒక వ్యాసాన్ని మా మేడం తిప్పి ఇచ్చారు. ఏడెనిమిది చోట్ల పక్కన ఒకటే ప్రశ్న: "ఇది నీకెలా తెలుసు?" కోపం వచ్చింది, కానీ ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఒక్కళ్లమే వీడియోలు చూస్తున్నప్పుడు ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఉండరు, కష్టమైన భాగం దాటేస్తాం, దాటేశామన్న సంగతి కూడా మనకు తెలియదు. స్టాటిస్టిక్స్ నా అంతట నేను ఎప్పటికీ ముట్టుకునేవాణ్ణి కాదు, పరీక్ష ఉంది కాబట్టి చదివాను. ఇప్పుడు నా పనిలో సగం దానిమీదే నడుస్తోంది.

పరిచయాలు కూడా కాలేజీలో దొరికిన లాభమే, వాళ్లు ప్రాణ స్నేహితులే కానక్కర్లేదు. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పింది, క్లాసులో నాతో పట్టుమని పది మాటలు కూడా మాట్లాడని అమ్మాయి. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజికవేత్త కూడా 1973లోనే ఇలాంటిది చూపించారు: తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లమని చెప్పింది 16.7 శాతమే.

డాక్టరో లాయరో అవ్వాలంటే ఈ చర్చే అనవసరం, కాలేజీకి వెళ్లాల్సిందే. మిగతావాటికి అందరూ వెళ్లి తీరాలని నేను అనను, ముఖ్యంగా పెద్ద అప్పు చేయాల్సి వస్తే. క్లాసులు సరిగా జరగని చోట చేరితే నేను చెప్పినవాటిలో కాగితం ఒక్కటే చేతికొస్తుంది. అందుకే ఫీజు కట్టేముందు అక్కడ చివరి ఏడాది చదువుతున్న ఇద్దరు ముగ్గురిని కలవండి. భవనాల గురించి వద్దు, వాళ్లు రాసిచ్చినవాటిని ఎవరైనా నిజంగా చదివి, తప్పులు చూపించి తిరిగి ఇస్తున్నారా అని అడగండి.