కౌంటీ మీటింగ్‌కి ఎవరు వెళ్ళొచ్చు, ఎప్పుడు వెళ్ళాలి?

సందేహం: డాలస్‌కి ఉత్తరాన, కాలిన్ కౌంటీలో సిటీ లిమిట్స్ బయట ఈమధ్యే ఇల్లు కొన్నాం. మా కమ్యూనిటీ నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న కౌంటీ రోడ్డు నిండా గుంతలే. వెనక ఖాళీ స్థలంలో కాంక్రీట్ ప్లాంట్ వస్తుందంటున్నారు. ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. అందరం కలిసి కమిషనర్స్ కోర్ట్‌కి వెళ్ళి ఈ మూడింటి మీదా గట్టిగా అడుగుదామని వాట్సాప్ గ్రూపులో అంటున్నారు. నేను హెచ్‌-1బీ మీద ఉన్నాను. పేరులోనే కోర్టు ఉంది కదా, వెళ్తే ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఇబ్బందేమీ లేదు, వెళ్ళండి. కమిషనర్స్ కోర్ట్ అంటే కౌంటీని నడిపే పాలకవర్గం. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, అన్నిటికీ ఇదే ఏర్పాటు. కౌంటీ మొత్తం ఓటేసి ఎన్నుకునే కౌంటీ జడ్జ్ ఒకరు, నాలుగు ప్రెసింక్ట్‌ల (కౌంటీని విడదీసిన నాలుగు భాగాల) నుంచి నలుగురు కమిషనర్లు. ఐదు ఓట్లలో జడ్జ్‌దీ ఒక్క ఓటే. కూర్చుని వినడానికి, లేచి మాట్లాడటానికి మిమ్మల్ని వీసా ఏమిటని ఎవరూ అడగరు. ఎజెండాలో ఉన్న అంశం మీద, అది తేలకముందే, జనానికి మాట్లాడే అవకాశం ఇచ్చి తీరాలని 2019లో చట్టమే వచ్చింది.

కానీ మీ మూడు ఫిర్యాదుల్లో నేరుగా వాళ్ళ చేతిలో ఉన్నది రోడ్డు ఒక్కటే, టాక్సులో కొంత భాగమే. ముందు అక్కడ పని ఎలా జరుగుతుందో తెలిస్తే మిగతా రెండూ ఎక్కడికి పట్టుకెళ్ళాలో తేలిగ్గా అర్థమవుతుంది.

మన దగ్గర సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారి చేతిలో అర్జీ పెడితే, ఆయన దాని మీద ఏదో రాసి కింది ఆఫీసుకి పంపిస్తారు. ఇక్కడ అలా అందరి మీదా అజమాయిషీ ఉన్న కుర్చీ లేదు. షెరీఫ్‌ని, కౌంటీ క్లర్క్‌ని, పన్ను వసూలు చేసే టాక్స్ అసెసర్-కలెక్టర్‌ని కూడా జనమే విడిగా ఎన్నుకుంటారు. వాళ్ళ బడ్జెట్టు కమిషనర్స్ కోర్ట్ ఇస్తుంది కానీ, పని ఇలా చెయ్యమని హుకుం జారీ చెయ్యలేదు. లెక్కలు చూసే కౌంటీ ఆడిటర్ని అయితే కమిషనర్లు నియమించరు కూడా, డిస్ట్రిక్ట్ జడ్జీలు నియమిస్తారు. డబ్బు ఖర్చుపెట్టేవాళ్ళే తమ ఆడిటర్ని తామే పెట్టుకోకూడదన్న ఈ ఏర్పాటు నాకు భలే నచ్చుతుంది.

ఇక మీటింగ్ సంగతి. కౌంటీ కేంద్రమైన మెక్‌కిన్నీలో పని రోజున పగటిపూట జరుగుతుంది, కాబట్టి ఆఫీసులో చెప్పి వెళ్ళాల్సిందే. మొదట ప్రార్థన, అమెరికా జెండాకీ టెక్సస్ జెండాకీ ప్రతిజ్ఞ. తర్వాత కన్సెంట్ ఎజెండా వస్తుంది. కొత్తగా వెళ్ళినవాళ్ళు తెల్లబోయేది ఇక్కడే. ఆడిటర్ చూసి పంపిన బిల్లుల చెల్లింపు, టెండర్ల ఖరారు, పాత కాంట్రాక్టుల పొడిగింపు, ఒక శాఖ పద్దులోంచి ఇంకో పద్దుకి డబ్బు మార్పు, కిందటి మీటింగ్ మినిట్స్... ఇలాంటివన్నీ ఒక్క మూటగా కట్టి ఉంటాయి. 'ఎవరైనా ఏదైనా విడిగా తీయాలా?' అని జడ్జ్ అడుగుతారు. ఎవరూ మాట్లాడరు. ఒకరు ప్రతిపాదిస్తారు, ఒకరు బలపరుస్తారు, అందరూ 'ఆయ్' (సరే) అంటారు, లక్షల డాలర్ల వ్యవహారం నిమిషంలో అయిపోతుంది. మనవాళ్ళు వెంటనే 'అంతా ముందే మాట్లాడేసుకున్నారు' అంటారు.

అది సగం నిజం. మాట్లాడుకున్నది కమిషనర్లు కాదు, సిబ్బంది. మెజారిటీ సభ్యులు చాటుగా కూడి చర్చించుకోవడాన్ని, ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేసుకుని ఓట్లు కుదుర్చుకోవడాన్ని ఓపెన్ మీటింగ్స్ చట్టం ఒప్పుకోదు. కానీ ప్రతి అంశం వెనకా ఇంజినీరింగ్ శాఖో, పర్చేజింగ్ శాఖో వారాల తరబడి తయారుచేసిన కాగితాలుంటాయి. ఎజెండా ముందుగానే బయటపెట్టాలి. ఇదివరకు 72 గంటలు ముందైతే చాలు, 2025 సెప్టెంబరు నుంచి మూడు పని దినాలు ముందుండాలి. ఆన్‌లైన్‌లో చాలా అంశాలకి ఆ కాగితాలు జతచేసే ఉంటాయి. మీకు కావాల్సిన రోడ్డు పేరు కన్సెంట్ ఎజెండాలో కనిపిస్తే మీటింగ్ దాకా ఆగకండి. మీ ప్రెసింక్ట్ కమిషనర్ ఆఫీసుకి ముందురోజే నాలుగు లైన్ల మెయిల్ పెట్టి, ఆ అంశాన్ని విడిగా చర్చకి తీయమని అడగండి. ఒక్క సభ్యుడు అడిగినా చాలు, విడిగా తీస్తారు. ఆ ఒక్క మెయిల్ చేసే పని, అయిపోయాక వందమంది సంతకాలు పట్టుకొచ్చినా చెయ్యదు.

మాట్లాడాలంటే ముందుగా కార్డు నింపి క్లర్క్‌కి ఇవ్వాలి. కొన్ని నిమిషాలే ఇస్తారు, ఎదురుగా టైమర్ నడుస్తూ ఉంటుంది. ఉపోద్ఘాతం వద్దు. రోడ్డు పేరు, ఏ మలుపు నుంచి ఏ మలుపు దాకా, స్కూల్ బస్సు ఏ టైముకి వెళ్తుంది, ఏం కావాలి, అంతే. మీతో ఉంటూ రోజూ ఆ రోడ్డు పక్కన వాకింగ్‌కి వెళ్ళే పెద్దవాళ్ళుంటే వాళ్ళనే మాట్లాడించండి. తెలుగులో చెప్పొచ్చు, మీరు పక్కన నిలబడి ఇంగ్లిష్‌లో చెప్పండి. అనువాదకుడితో మాట్లాడేవాళ్ళకి మామూలు సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని ఆ 2019 చట్టంలోనే ఉంది. మనవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు బహు తక్కువ.

మీరు చెప్పిన విషయం ఆ రోజు ఎజెండాలో లేకపోతే మాత్రం ఐదుగురూ మొహం చూస్తూ కూర్చుంటారు, ఒక్క మాట అనరు. 'మన మాటకి విలువ లేదు' అని గ్రూపులో పోస్టులు పెట్టకండి. ఎజెండాలో లేని అంశం మీద వాళ్ళు చర్చించకూడదు. ఉన్న సమాచారం చెప్పొచ్చు, లేదా తర్వాతి ఎజెండాలో పెట్టమని ప్రతిపాదించొచ్చు. 'దీన్ని ఎజెండాలో పెట్టండి' అన్నదే మీ కోరికగా వెళ్తే అడగాల్సినదే అడిగినట్టు. ఇంకో మాట. కార్డు మీద రాసే అడ్రసు, మీరు పంపే మెయిల్, ఎవరైనా పబ్లిక్ రికార్డుల చట్టం కింద అడిగితే బయటికి వెళ్ళే అవకాశం ఉంది. వీసా వివరాలు, పిల్లల స్కూలు వివరాలు అందులో రాయకండి.

మీ రోడ్డు నిజంగా కౌంటీదేనా అని ముందు తేల్చుకోండి. కొత్త సబ్‌డివిజన్లో బిల్డర్ వేసిన రోడ్లని కౌంటీ పరిశీలించి, కమిషనర్స్ కోర్ట్‌లో ఓటు వేసి 'తీసుకున్నాం' అనేదాకా వాటి బాగోగులు బిల్డర్‌వే. గేటెడ్ కమ్యూనిటీ లోపలివైతే చాలాచోట్ల హెచ్‌ఓఏవి (ఇళ్ళ యజమానుల సంఘానివి). బయట ఉన్నది పాత కౌంటీ రోడ్డే అయితే, గుంతల కోసం మీటింగే అక్కర్లేదు, పబ్లిక్ వర్క్స్‌కి ఫొటోతో రిక్వెస్ట్ పెట్టండి. రోడ్డు వెడల్పు చెయ్యాలి, కొత్తగా తారు వెయ్యాలి అంటే అది బడ్జెట్టు వ్యవహారం. దానికి టైము వేసవి. అక్టోబరు 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది, శాఖల కోరికలన్నీ అంతకు చాలా ముందే చేరిపోతాయి. సెప్టెంబరులో పబ్లిక్ హియరింగ్ నాటికి వచ్చేవాళ్ళకి మిగిలేది మాట్లాడిన తృప్తే.

టాక్స్ దగ్గరికి వద్దాం. ఆ బిల్లు కౌంటీ పేరు మీద వస్తుంది కాబట్టి తిట్లన్నీ కౌంటీకే పడతాయి. విడదీసి చూడండి. కాలిన్ కౌంటీ రేటు ఇటీవలి ఏళ్ళలో 100 డాలర్ల విలువకి దాదాపు 15 సెంట్లు. ఐదు లక్షల డాలర్ల ఇంటికి మినహాయింపులేవీ లెక్కలోకి తీసుకోకపోయినా సుమారు 750 డాలర్లు. స్కూల్ డిస్ట్రిక్ట్ రేటు డాలరు అటూఇటూగా ఉంటుంది. సొంతంగా ఉండే ఇంటికిచ్చే 1,40,000 డాలర్ల హోమ్‌స్టెడ్ మినహాయింపు తగ్గించి లెక్కేసినా 3,600 దాకా అవుతుంది. సిటీ బయట కొత్త కమ్యూనిటీ అంటున్నారు కాబట్టి నీళ్ళు, డ్రైనేజీ కోసం పెట్టిన మడ్ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) కూడా ఉండే ఉంటుంది. దాని రేటు కౌంటీ రేటుకి ఎన్నో రెట్లు ఉండొచ్చు. మడ్‌కి ఐదుగురు డైరెక్టర్లతో విడిగా బోర్డుంటుంది, దానికీ బహిరంగ సమావేశాలుంటాయి, ఆ గదిలో కుర్చీలు దాదాపు ఎప్పుడూ ఖాళీ. మీ గ్రూపులో కోపం ఉన్నవాళ్ళలో సగం మందిని అక్కడికి పంపండి.

ఇంటి విలువ ఎక్కువ కట్టారన్నది ఇంకో గొడవ. అది అప్రైజల్ డిస్ట్రిక్ట్ పని, కౌంటీది కాదు. నోటీసు వచ్చాక మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, ఏది తర్వాత అయితే ఆ తేదీకి ప్రొటెస్ట్ వెయ్యాలి. హోమ్‌స్టెడ్ మినహాయింపుకి పౌరసత్వం అక్కర్లేదు. ఆ ఇంట్లో మీరే ఉండాలి, డ్రైవింగ్ లైసెన్స్ మీద అదే అడ్రసు ఉండాలి. అప్లికేషన్ ఉచితం. ఫీజు కడితే మేం చేయిస్తాం అంటూ సర్కారీ కవరులా కనిపించే ఉత్తరాలొస్తాయి, వాటిని పక్కన పడెయ్యండి.

కౌంటీ రేటు ఎంతన్నది మాత్రం ఆ ఐదుగురే నిర్ణయిస్తారు. అందులోనూ ఒక మెలిక ఉంది. మామూలు పనులకి ముగ్గురుంటే కోరం సరిపోతుంది, పన్ను విధించాలంటే నలుగురు హాజరు కావాలి. 2022లో హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో ఇద్దరు కమిషనర్లు కావాలనే మీటింగ్‌కి రాలేదు. ముగ్గురి మెజారిటీ ఉండి కూడా మిగతావాళ్ళు అనుకున్న రేటు పెట్టలేకపోయారు, చట్టం చెప్పిన తక్కువ రేటే అమలైంది. సర్కారు పన్ను పెంచకుండా ఇంట్లో కూర్చుని ఆపిన ఆ రాజకీయం మంచిదా చెడ్డదా అని హ్యూస్టన్ మనవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు.

కాంక్రీట్ ప్లాంట్ విషయంలో కౌంటీని పట్టుకుని లాభం లేదు. టెక్సస్‌లో కౌంటీలకి సాధారణంగా జోనింగ్ అధికారం, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో నిర్ణయించే అధికారం, లేదు. రాష్ట్ర రాజ్యాంగం, శాసనసభ ఇచ్చిన అధికారాలు తప్ప సొంతంగా ఏవీ ఉండవు. ఆ స్థలం సిటీ లోపలిదైతే సిటీ కౌన్సిల్ ఆపగలదు. బయటిదైతే గాలి పర్మిట్ ఇచ్చేది రాష్ట్ర పర్యావరణ కమిషన్, టీసీఈక్యూ. ఈ తరహా ప్లాంట్లకి వాడే స్టాండర్డ్ పర్మిట్ అయితే, 440 గజాల లోపు కాపురమున్నవాళ్ళకి హియరింగ్ కోరే హక్కుంది. ఎవరి ఇల్లు ఆ దూరంలో ఉందో ఇవాళే కొలుచుకోండి. మీ ప్రాంత స్టేట్ రెప్రజెంటేటివ్ ఆఫీసుకీ ఫోన్ చెయ్యండి.

మీరు అడగకపోయినా, హెచ్‌-1బీ అన్నారు కాబట్టి రెండు సంగతులు చెప్తాను. మీటింగ్ బయటో, డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ దగ్గరో ఓటరుగా నమోదవుతారా అని కాగితం చేతికిస్తే వద్దనండి. పౌరుడు కానివాళ్ళు ఆ గడిలో టిక్ పెడితే రేపు గ్రీన్‌కార్డు దగ్గర పెద్ద చిక్కే. రెండోది జ్యూరీ సమన్లు. ఆ జాబితా లైసెన్సుల నుంచి కూడా తీస్తారు కాబట్టి మీకూ ఎప్పుడో ఒకసారి వస్తుంది. టెన్షన్ పడకండి, అలాగని చెత్తబుట్టలోనూ వెయ్యకండి. పౌరుడిని కాదు అన్నచోట గుర్తు పెట్టి, సంతకం చేసి, గడువులోపు తిప్పి పంపండి. కాపీ ఒకటి ఇమ్మిగ్రేషన్ ఫైల్లో పెట్టుకోండి.