‘ఆరోపిత యుద్ధ నేరాలు’ అనవచ్చునా?

సందేహం: శ్రీలంక యుద్ధంపై ఐక్యరాజ్యసమితి నివేదికలను గూర్చిన తమిళ వ్యాసమొకటి తెలుగు చేస్తున్నాను. ‘ఆరోపిత యుద్ధ నేరాలు’ అన్న ప్రయోగం సాధువేనా? నిజనిర్ధారణ, దర్యాప్తు, విచారణ అన్న మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడవచ్చునా? – ఒక పాఠకురాలు, మైలాపూరు, చెన్నై

సమాధానం: ‘ఆరోపిత’ శబ్దం వ్యాకరణానికి సరిపోతుంది కానీ అర్థానికి సరిపోదు. మసకచీకటిలో త్రాటిని చూసి పామని భ్రమించినప్పుడు, ఆ పాము త్రాటిపై ఆరోపితమని వేదాంతులు అంటారు. అంటే లేనిదాన్ని ఉన్నట్లు మోపడం. ఆ వాసన ఎరిగిన పాఠకుడికి ‘ఆరోపిత నేరాలు’ అనగానే జరగని నేరాలని తోస్తుంది. బాధితుల మాట నిగ్గు తేలకముందే దాన్ని కల్ల అనడం చిన్న దోషం కాదు. విశేషణాన్ని తీసివేసి ‘యుద్ధ నేరాలు’ అని ఊరుకుంటే, తీర్పు మనమే చెప్పినట్లవుతుంది. కాబట్టి, కాస్త పొడుగైనా, ‘జరిగినట్లు ఆరోపణ వచ్చిన యుద్ధ నేరాలు’ అనే వ్రాయండి.

ఇక రెండవది. మీ తమిళ మూలంలో ‘ఉణ్మై కండఱియుం కుళు’ (నిజాన్ని కనుగొనే బృందం) అని ఉంటే, అది ఏ బృందాన్ని గూర్చి అన్నదో ముందుగా చూడండి. ఐక్యరాజ్యసమితి నాటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ 2010లో నియమించిన, మార్జుకి దారుస్మాన్ అధ్యక్షత వహించిన ముగ్గురు సభ్యుల బృందం, నిజనిర్ధారణ గానీ దర్యాప్తు గానీ తన పని కాదని 2011 నాటి నివేదికలో తానే స్పష్టం చేసింది. ప్రభుత్వ సేనలపైనా, వాటితో పోరాడిన తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈపైనా వచ్చిన ఆరోపణలలో నమ్మదగినవి ఏవో, అవి రుజువైతే ఏ నేరాలవుతాయో మాత్రమే అది చెప్పింది. దానిని ‘నిపుణుల బృందం’ అనాలి. మానవ హక్కుల మండలి 2014 తీర్మానంతో మొదలై 2015లో నివేదిక వెలువడినదానిని మాత్రం ‘దర్యాప్తు’ అనవచ్చు. పారసీకం నుంచి వచ్చిన ఆ మాటకు తెలుసుకోవడమనే అర్థం. అక్కడ కూడా ‘నేరం జరిగిందని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయి’ అన్నంతవరకే నిర్ణయం. ‘విచారణ’ను న్యాయస్థానానికి విడిచిపెట్టడం మేలు, ఎందుకంటే నేటి పాఠకుడికి ఆ మాట వినగానే న్యాయమూర్తి, నిందితుడు, శిక్ష గుర్తుకు వస్తాయి.

పౌరహక్కుల సంఘాల వాడుకతో ‘నిజనిర్ధారణ’ మనకు స్థిరపడిన మాటే, నిస్సందేహంగా వాడండి. అయితే అందులోనిది ధకారం. ‘ధృ’ ధాతువు నుంచి పుట్టిన ఈ శబ్దాన్ని ‘నిర్థారణ’ అని అచ్చువేయడం తప్పు.