ఇలియడ్‌లో ట్రాయ్ చెక్క గుర్రం కథ ఉందా?

లేదు, ప్రాచీన గ్రీకు కవి హోమర్ ఇలియడ్‌లో, గ్రీకు వీరులు లోపల దాక్కుని ట్రాయ్‌లోకి చొరబడిన ఆ చెక్క గుర్రం ఎక్కడా రాదు. ట్రాయ్ నగరం పడిపోకముందే ఆ కావ్యం అయిపోతుంది. ఎందుకంటే ఇలియడ్ గ్రీకులకూ ట్రాయ్‌కూ మధ్య జరిగిన పదేళ్ల యుద్ధం మొత్తాన్నీ చెప్పదు, చివరి ఏడాదిలోని కొన్ని వారాలనే తీసుకుంటుంది. గ్రీకు సేనల నాయకుడు అగమెమ్నాన్ మీద గ్రీకు వీరుడు అకిలీస్‌కు వచ్చిన కోపంతో మొదలై, 24వ సర్గలో ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ అంత్యక్రియలతో ఆగిపోతుంది.

గుర్రం మాట హోమర్ మరో కావ్యం ఒడిస్సీలో వస్తుంది, అదీ ఎప్పుడో జరిగిపోయిన సంగతిగా. ఉదాహరణకు 4వ సర్గలో, స్పార్టాలోని తన ఇంట్లో రాజు మెనెలాస్ గుర్తుచేసుకుంటాడు: తన భార్య హెలెన్ గుర్రం చుట్టూ మూడుసార్లు తిరిగి, లోపల దాక్కున్న వీరులను వాళ్ల భార్యల గొంతుతో పేరుపేరునా పిలిచింది. లోపలున్న ఆంటిక్లస్ జవాబివ్వబోతే తోటి వీరుడు ఒడిస్సియస్ అతని నోరు గట్టిగా మూసేశాడు. ఎంత టెన్షన్ ఉన్న ఘట్టమో! అయితే గుర్రాన్ని నగరంలోకి లాక్కెళ్లే కథ వివరంగా కావాలంటే రోమన్ కవి వర్జిల్ ఈనియిడ్‌లో 2వ సర్గ చదవాలి.

సినిమాలు వీటన్నిటినీ కలిపి చూపిస్తాయి కాబట్టి, అకిలీస్ మడమకు బాణం తగిలి చనిపోవడం కూడా ఇలియడ్‌లోనే ఉందని చాలామంది అనుకుంటారు. అతనికి చావు దగ్గరపడిందని అందులో పదేపదే వినిపిస్తుంది గానీ, కావ్యం ముగిసేసరికి అకిలీస్ బతికే ఉంటాడు.