చలివేంద్రం ప్రాజెక్టు గురించి బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను, కానీ వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని పొద్దున్నే కాఫీ తాగి కూర్చున్నా, పొడుగైతే ఏమనుకోకు. మీ బడిలో నువ్వు చెప్పే నాలుగు, ఐదు క్లాసుల పిల్లలతో ఏదన్నా మంచి పనికి డబ్బులు పోగుచేయించి దాన్నే ప్రాజెక్టుగా పెడదామనుంది అన్నావు, మీ ఫ్రెండ్ వాళ్ల ప్రైవేట్ స్కూల్లో పిల్లలు అనాథాశ్రమానికి పెద్ద చెక్కు ఇస్తున్న వీడియో కూడా పంపావు. బానే ఉంది గానీ అందులో పిల్లలు చేసిందేంటో నాకు కనపడలేదమ్మా. అమ్మానాన్నలు ఫోన్‌పే కొట్టారు, మేనేజ్‌మెంట్ చెక్కు రాసింది, పిల్లలు ఫొటోకి నిలబడ్డారు, అంతే కదా.

డైట్‌లో టీచర్ ట్రైనింగప్పుడు నువ్వూ చదువుకునే ఉంటావు, ప్రాజెక్ట్ మెథడ్ గురించి అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ 1918లో రాసిందీ, 1937లో వార్ధాలో గాంధీగారు నయీ తాలీమ్, అంటే చేతిపని ద్వారానే చదువు అన్నదీ. పరీక్షకి బట్టీ పట్టి మర్చిపోయేవాళ్లం అనుకో. మన బడుల్లో ఎఫ్‌ఏ పరీక్షల్లో ప్రాజెక్టు పని అంటే జిరాక్స్ షాపులో బొమ్మలు ప్రింట్ తీయించి చార్టుకి అతికించడం అయిపోయింది గానీ అసలు సంగతి చాలా సింపుల్, పని నిజంగా అవసరమైంది అవ్వాలి, ఆ పని చేయాలంటే లెక్కలూ తెలుగూ రాకపోతే కుదరదని పిల్లలకి మధ్యలో తెలిసిరావాలి. కాబట్టి ఎంత వసూలైందని చూసుకోకు, ప్రతి రూపాయి లెక్కా పిల్లల చేతుల మీదుగా నడిచిందా లేదా అన్నది చూసుకో, నేను చెప్పేదంతా ఇదే.

ముందు ఎవరికోసం అన్నది తేల్చు. దూరంగా ఉన్న ఆశ్రమం వద్దు, పిల్లలు నడిచి వెళ్లి చూసిరాగలిగేది ఏదన్నా పెట్టుకో. నువ్వున్నది కనిగిరి దగ్గర కదా, నన్నడిగితే బస్టాండ్ దగ్గర చలివేంద్రం పెట్టించు. ఇప్పుడు జనవరి, మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యేనాటికి రెడీ అవ్వాలి అంటే రెండు నెలలు చేతిలో ఉన్నాయి. పైగా ఫ్రీ బస్సు వచ్చాక ఆడవాళ్లు ఎక్కువ తిరుగుతున్నారు, చంకలో పిల్లల్తో ఎండలో నిలబడేది వాళ్లే. చలివేంద్రం అంటే ఏంటో మన పిల్లలకి చెప్పక్కర్లేదు కూడా. రోజూ తినే మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు ఎందుకు పెట్టారో ఆ రోజు చెప్పు, గోదావరి లంకల్లో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకి వండిపెట్టిన మనిషి అని, ఒక పావుగంట చాలు, ఉపన్యాసం ఇవ్వకు.

డబ్బులు ఎలా తేవాలి అంటే, తలా పది రూపాయలు తెండి అని మాత్రం నోటివెంట రానీయకు. విద్యాహక్కు చట్టం వచ్చాక గవర్నమెంట్ బడిలో పిల్లల దగ్గర రూపాయి అడిగినా వసూళ్లు అంటారు, అది ఒకెత్తు, పది లేని పిల్ల మర్నాడు బడికే రాదు అది ఇంకో ఎత్తు. ఇంటింటికీ డబ్బా పట్టుకుని తిప్పడం కూడా నాకు నచ్చదు. ఏదన్నా చేసి అమ్మితే పిల్లలు తలెత్తుకుని అమ్ముతారు. మీ బడి వెనక చేతులు, ప్లేట్లు కడిగే నీళ్లు పోయే చోటు ఖాళీగా ఉందన్నావు కదా, అక్కడ తోటకూర వెయ్యి, పాతిక ముప్ఫై రోజుల్లో కోతకొస్తుంది. అది కాక పాత పేపర్లతో కవర్లు, మెడికల్ షాపువాడూ కిరాణావాడూ తీసుకుంటారేమో ముందు అడిగి రమ్మను, చేసేశాక అడిగితే లాభం లేదు.

వీటన్నిటికన్నా ముందు మీ హెచ్‌ఎం గారితో మాట్లాడి స్కూల్ కమిటీలో తీర్మానం రాయించుకో. ఏం అమ్ముతున్నారు, ఎందుకు, డబ్బు ఎక్కడుంటుంది, మూడు లైన్లు చాలు. కొత్త టీచరమ్మవి, ఊళ్లో ఎవడో ఒకడు ఏదో ఒకటి అంటాడు, అప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

ఇక అసలు చదువు ఎక్కడొస్తుందో చెప్తా విను. రోజుకి ఎన్ని నీళ్లు కావాలి? నువ్వు చెప్పకు. ఒక శనివారం నువ్వూ ఇంకో టీచరూ పక్కన ఉండి పిల్లల్ని బస్టాండ్‌కి తీసుకెళ్లు, ఒక గంటలో ఎంతమంది ఆగారో గణన చిహ్నాలు వేస్తూ లెక్కపెట్టమను, పుస్తకంలో ఉన్న ఆ నిలువు గీతలు ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. గ్లాసు 200 మిల్లీలీటర్లు పడుతుంది అనుకో, 20 లీటర్ల క్యాన్‌కి 100 గ్లాసులు, ఇది బోర్డు మీద చెప్పకుండా నిజంగా క్యాన్ పెట్టి కొలిపించు, ఒలికిపోయి తొంభై చిల్లరే వస్తాయి, ఎందుకు తగ్గాయని వాళ్లే కొట్లాడుకుంటారు. క్యాన్ పది రూపాయలు అనుకుందాం (మీ ఊరి రేటు వాళ్లనే కనుక్కుని రమ్మను), రోజుకి మూడు క్యాన్లు, మార్చి 15 నుంచి జూన్ 7 దాకా, అంటే ఇంచుమించు మృగశిర దాకా, క్యాలెండర్ మీద లెక్కపెడితే 85 రోజులు. మొత్తం 2,550 రూపాయలు. కుండలు, గ్లాసులు వేరే. తోటకూర కట్ట పది రూపాయలైతే 255 కట్టలు అమ్మాలి! మీ బడి వెనకున్న జాగాలో అన్ని రావు కదా, క్లాసు మొత్తం నోరు వెళ్లబెడుతుంది, అక్కడ నువ్వు కంగారుపడి దారి చూపించేయకు. రెండ్రోజులు అలాగే వదిలెయ్. రెండు క్యాన్లకి తగ్గిద్దామా, క్యాన్లు నింపే వాటర్ ప్లాంటు ఆయన్ని సగం రేటుకి ఇమ్మని ఉత్తరం రాద్దామా, కవర్లు ఎక్కువ చేద్దామా అని వాళ్లలో వాళ్లే మొదలుపెడతారు. లేఖారచన అని పాఠం ఉంది చూడు, సెలవు చీటీ తప్ప ఇంకేమీ రాయని పిల్లలు ఆ ప్లాంటు ఆయనకి రాసే ఉత్తరం నాలుగుసార్లు దిద్దుకుంటారు, ఎందుకంటే ఆయన నిజంగా చదువుతాడు కాబట్టి.

క్యాన్ నీళ్లే ఎందుకు, బోరు నీళ్లు కాచి పొయ్యొచ్చు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే పండగ చేసుకో. మీ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి తెలుసు కదా, కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అయితే క్లాసులో ఆ ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద గార మచ్చలున్న పిల్లలు ఉంటారు, వాళ్లని నిలబెట్టి చూపించకు, వాళ్ల తప్పేం లేదు. ఇంకోటి, కుండలో, స్టీలు బిందెలో, ప్లాస్టిక్ బాటిల్లో ఒకేసారి నీళ్లు పోసి నీడలో పెట్టి మధ్యాహ్నం ముట్టుకు చూడమను. కుండకున్న సన్నటి రంధ్రాల్లోంచి నీళ్లు బయటికి చెమర్చి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతాయి. మీ పొడి ఎండల్లో బాగా చల్లబడతాయి, మా కాకినాడ ఉక్కపోతలో అంత చల్లబడవు, కావాలంటే వేసవిలో పెద్దమ్మకి ఫోన్ చేసి కనుక్కోమను.

డబ్బు దగ్గర మాత్రం నగదే తీసుకో. ఫోన్‌పే పెడితే ఎవరి నంబర్ పెడతావు, నీదా? వద్దే తల్లీ. పైగా ఇప్పటి పిల్లలు చిల్లర చూడట్లేదు, షాపాట ఆడుకుంటున్నా డబ్బులొచ్చాయని చెప్పే ఫోన్‌పే స్పీకర్ డబ్బా గొంతే మిమిక్రీ చేస్తున్నారు. నేను పనిచేసిన బడిలో ఐదో క్లాసులో ఒకడుండేవాడు, పలక మీద యాభైలోంచి ముప్ఫై ఏడు తీసేయ్ అంటే అప్పు తెచ్చుకోవడం దగ్గర ఆగిపోయేవాడు. వాళ్లమ్మ సంతలో కూరగాయలమ్మేది. మేం బడిలో స్టాల్ పెట్టిన రోజు ముప్ఫై ఏడు రూపాయల బేరానికి ఎవరో యాభై నోటిస్తే వీడు ఆలోచించను కూడా ఆలోచించలేదు, మూడు రూపాయలు చేతిలో పెట్టి “ఇదిగో నలభై” అన్నాడు, పది నోటు పెట్టి “ఇదిగో యాభై” అన్నాడు, అయిపోయింది. మర్నాడు వాణ్నే బోర్డు దగ్గరికి పిలిచి క్లాసుకి నేర్పించమన్నాను, ఆ తర్వాత వాడికి పలక మీద తీసివేత కూడా వచ్చింది. కాబట్టి క్యాషియర్లుగా ఫస్ట్ ర్యాంకుల వాళ్లనే పెట్టకు. ఒకరు లెక్కపెట్టాలి, ఇంకొకరు మళ్లీ లెక్కపెట్టాలి, జమ–ఖర్చు పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టాలి, డబ్బా హెచ్‌ఎం గారి బీరువాలోకి పోవాలి, ఏ పిల్ల ఇంటికీ వెళ్లకూడదు. ఏ రోజు తేడా వచ్చినా ఎవరినీ అడగొద్దు, “తేడా నాలుగు రూపాయలు” అని అలాగే రాయించు.

నీకు రాబోయే పెద్ద తలనొప్పి చెప్పనా? ఊళ్లో ఎవరో పెద్దమనిషి వచ్చి “ఈ మాత్రానికి పిల్లలెందుకమ్మా కష్టపడటం, ఐదు వేలు నేనిచ్చేస్తా” అంటాడు. మంచి మనసుతోనే అంటాడు, కానీ తీసుకున్నావో ప్రాజెక్టు ఆ రోజుతో సరి. నమస్కారం పెట్టి, అయ్యా డబ్బు పిల్లలు చూసుకుంటారు, తాటాకు పందిరి మీరు వేయించండి అను. ఫ్లెక్సీ కడతానంటే మాత్రం హెచ్‌ఎం గారి మీదకి తోసెయ్, ఆయన మగాడు, పెద్దవాడు, గట్టిగా చెప్పగలడు. ఫ్లెక్సీ ఉండి కుండ ఎండిపోయిన చలివేంద్రాలు ప్రతి ఊళ్లోనూ చూస్తూనే ఉన్నాం. అలాగే ఎవరెంత కొన్నారు, ఎవరి అమ్మానాన్న ఎంతిచ్చారు అన్న లిస్టు గోడ మీద పెట్టకు.

నీళ్లు పోసే డ్యూటీ చీటీలు నువ్వే తియ్యి, పేర్లు కలగలిపి. మీ ఊరెలాంటిదో నాకు తెలీదు గానీ ఫలానా పిల్ల ముట్టుకుంటే తాగం అనే ముసలాళ్లు ఇంకా పోలేదు. చీటీ వచ్చిన పిల్లే కుండలు నింపుతుంది, ఇష్టం లేనివాళ్లు తాగరు, దానిమీద వాదన పెట్టుకోకు, పిల్లని మాత్రం పక్కకి తప్పించకు. పిల్లల పని పొద్దున బడికి ముందు కుండ కడిగి నింపడం వరకే. పన్నెండున్నరకి బడి వదిలాక ఎండలో ఒక్కర్ని కూడా నిలబెట్టొద్దు, పక్కన టిఫిన్ బండి ఆవిడో ఆటో స్టాండ్ వాళ్లో చూసుకోవాలి, ఆ మాట కూడా పిల్లలే వెళ్లి అడగాలి. ఏప్రిల్ ఆఖర్లో సెలవులిచ్చేస్తారు, రోళ్లు పగిలే రోహిణి కార్తె ఆ తర్వాతే వస్తుంది, కాబట్టి మే నెల ఎవరు నడుపుతారో ఫిబ్రవరిలోనే తేల్చుకోండి, లేకపోతే అప్పుడు కుండలో నీళ్లుండవు.

మార్కుల గురించి అడిగావు. ఎక్కువ అమ్మినవాడికి ఎక్కువ మార్కులు వేయొద్దు. జమ–ఖర్చు పుస్తకం, ఉత్తరం, నీళ్ల కొలతలు, వీటికి వెయ్యి. సెలవులకి ముందు రోజు పిల్లలే లెక్క మొత్తం పేరెంట్స్ ముందు చదవాలి, వచ్చింది, ఖర్చయింది, మే నెలకి మిగిలింది, ఆ నాలుగు రూపాయల తేడాతో సహా. నువ్వు వెనకాల కూర్చో, మధ్యలో అందించకు.

తోటకూర విత్తనాలు మీ పెదనాన్న ఈ వారం కొరియర్ చేస్తానన్నారు. సన్న విత్తనం కాబట్టి ఇసుకలో కలిపి చల్లించు, లేకపోతే అంతా ఒకేచోట గుంపుగా మొలుస్తుంది. ఎర్ర తోటకూర కూడా పెట్టమన్నాను, ఆకుపచ్చదీ ఎర్రదీ కలిపి కట్ట కడితే చూడ్డానికి బావుండి తొందరగా పోతుంది.

ఉంటా మరి,
పెద్దమ్మ