బెంగళూరులో 12 లక్షల లీజు ఇల్లు: అద్దె మిగులుతుంది సరే, అసలు మాటేంటి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: కేఆర్ పురం దగ్గర డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, మూడేళ్ల లీజు. 12 లక్షలు ఒకేసారి కడితే నెలనెలా అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కిస్తారు. అదే ఇల్లు అద్దెకైతే 18,000. చేతిలో 7 లక్షలున్నాయి, మిగతా 5 లక్షలు బంగారం పెట్టి తెద్దామనుకుంటున్నారు. ఇల్లు ఇస్తున్నది ఓనరు కాదు, మధ్యలో ఒక కంపెనీ. టోకెన్ కింద 10,000 ఇచ్చేశారు. లాభమేనా అని.

లెక్క వరకు లాభమే. 7 లక్షలు ఎఫ్‌డీలో 7 శాతానికి వేస్తే ఏడాదికి 49,000 వచ్చేది, అది పోతుంది. బంగారం మీద 5 లక్షలకు 10 శాతం వడ్డీ అనుకుంటే 50,000 కట్టాలి. రెండూ కలిపి 99,000, అంటే నెలకు 8,250. మీరు నిజంగా కట్టే అద్దె అదీ. 18,000తో చూస్తే నెలకు 9,750 మిగులు, మూడేళ్లకు 3 లక్షల 51 వేలు. పాత ట్యాక్స్ విధానంలో ఉంటే మాత్రం ఇందులోంచి కొంత కోత పడుతుంది, ఎందుకంటే అద్దె కట్టనివాళ్లకు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు రాదు. కొత్త విధానంలో అదెలాగూ లేదు.

ఇప్పుడు అదే లెక్క అవతలివాడి వైపు నుంచి వేయండి. నెలకు 18,000 వదులుకోవడమంటే ఏడాదికి 2,16,000. 12 లక్షల మీద అది 18 శాతం వడ్డీ. కాగితాలు శుభ్రంగా ఉన్న సొంత ఇంటి మీద బ్యాంకు అంతకంటే చాలా తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. మరి 18 శాతం ఒప్పుకుని మీ దగ్గరికెందుకొచ్చాడు? బ్యాంకు ఇవ్వాల్సింది ఇప్పటికే ఇచ్చేసి ఉండాలి, లేదా కాగితాలు చూసి ఇవ్వనని ఉండాలి, లేదా ఆదాయం చూపించుకోలేకపోయి ఉండాలి. కూతురి పెళ్లి దగ్గర పడింది, బ్యాంకు చుట్టూ తిరిగే ఓపిక లేదు అనే మర్యాదస్తులూ ఉంటారు, లేరనను. అయితే మొహం చూసి ఎవరు ఏ రకమో చెప్పలేం.

మన రాయలసీమవాళ్లకు భోగ్యం (అప్పిచ్చి, వడ్డీకి బదులు ఇల్లు వాడుకోవడం) కొత్తేమీ కాదు, అందుకే ఇక్కడ తొందరగా నమ్మేస్తాం. ఊళ్లో అయితే ఎవరికి ఎంత అప్పుందో వీధంతా తెలుసు. ఇక్కడ 'మనె లీజ్‌గె ఇదె' (ఇల్లు లీజుకుంది) అని కన్నడంలో బోర్డు పెట్టినవాడి సంగతి పక్కింటివాడికి కూడా తెలియదు.

మీ విషయంలో కంపెనీ ఉంది కాబట్టి ముందు దాని సంగతి. ఇలాంటివి నడిచే పద్ధతి ఇది: ఓనరు దగ్గర ఇల్లు మామూలు అద్దెకు తీసుకుంటారు, మీకు లీజుకిస్తారు, మీ 12 లక్షల్లోంచే ఓనరుకు నెలకు 18,000 పంపుతుంటారు. మూడేళ్లలో 6 లక్షల 48 వేలు అలా వెళ్లిపోతాయి, 5 లక్షల 52 వేలు మిగులుతాయి. మీకివ్వాల్సింది మాత్రం 12. ఆఫీసు అద్దె, జీతాలు, బ్రోకరు కమీషన్ పక్కన పెట్టినా, మీ డబ్బు మీద ఏటా 18 శాతం సంపాదిస్తే తప్ప ఆ లోటు పూడదు. మామూలుగా అది పూడేది తర్వాత చేరినవాళ్ల 12 లక్షలతో. కొత్తవాళ్లు తగ్గిన నెల ఓనరుకు అద్దె ఆగుతుంది. రెండు నెలలు చూసి ఓనరు మీ తలుపు కొడతాడు: అద్దె కట్టు, లేదా ఖాళీ చెయ్యి. అతని చేతికి మీ డబ్బు రాలేదు, అతని అగ్రిమెంటు కంపెనీతోనే. 12 లక్షల బాధ్యత ఓనరు కూడా తీసుకుంటూ సంతకం పెడతాడా అని అడిగి చూడండి. పెట్టనంటే (పెట్టడు) ఆ ఇల్లు వదిలేయండి. ఈ రకంలో ఇంతకుమించి చూడాల్సిందేమీ లేదు.

కంపెనీ లేకుండా నేరుగా ఓనరే ఇస్తున్న ఇల్లు దొరికితే అప్పుడు కాగితాలు చూడండి. మొదట ఒరిజినల్ సేల్ డీడ్ చూపించమనాలి. జిరాక్స్ ఒద్దు. లోను ఉన్న ఇంటి ఒరిజినల్ బ్యాంకులో ఉంటుంది. 'అన్నయ్య దగ్గరుంది', 'లామినేషన్‌కిచ్చాం' అన్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

తర్వాత కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరీ పోర్టల్లో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) మీరే తీయించుకోండి, ఓనరు చేతికిచ్చిన పాతది కాదు. లావాదేవీలుంటే ఫారం 15 వస్తుంది, ఏమీ లేకపోతే ఫారం 16. ఫారం 16 చూసి సంబరపడొద్దు. సైటు నంబరులో ఒక్క అంకె తప్పుగా ఇచ్చి వెతికినా 'ఏమీ లేవు' అనే వస్తుంది. దీనికో చిన్న పరీక్ష ఉంది: ఓనరు ఆ సైటు కొన్న తేదీ కూడా కలిసేలా ఈసీ తీయండి. అతను కొన్న డీడే అందులో కనబడకపోతే వెతికిన వివరాలు తప్పన్నమాట.

డీడ్లు బ్యాంకులో ఉంచి తెచ్చిన అప్పు రిజిస్టరు కాకపోతే ఈసీకి ఎక్కదు. దానికోసం సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తమ తనఖాలు అక్కడ నమోదు చేస్తాయి. ఎవరైనా కొద్దిపాటి ఫీజు కట్టి ఆన్‌లైన్లో వెతకొచ్చు. బయట వడ్డీ వ్యాపారుల దగ్గర తెచ్చినవి మాత్రం ఇందులోనూ దొరకవు.

కాగితాల్లో కనబడనిది మెట్ల కింద కనబడుతుంది. బెస్కామ్ (కరెంటు) మీటర్ల బోర్డు దగ్గర నిలబడి మీటర్లు లెక్కపెట్టండి. 30×40 సైటులో అంతస్తుకొకటి చొప్పున ఐదు ఇళ్లుంటే, పైకెళ్లి ఒక్కొక్కరినీ 'మీరు రెంటా, లీజా?' అని అడగండి. సాయంత్రం ఏడు తర్వాత వెళ్తే అందరూ ఇంట్లో ఉంటారు. అయిదిళ్లూ లీజే అయితే, తలా 12 లక్షలనుకున్నా ఓనరు 60 లక్షలు వాడేసుకున్నాడు, అద్దె రూపంలో పైసా రావడం లేదు. మీ డబ్బు తిరిగిచ్చేది ఆరో మనిషి వస్తేనే. ఒకటో రెండో లీజు, మిగతావి రెంటు, ఓనరు కింద కాపురముంటున్నాడంటే కొంత నయం. ఈ పని ఉచితం, అయినా ఎవరూ చెయ్యరు.

'లోను ఉంది గానీ ఈఎంఐ కరెక్టుగా కడుతున్నారు సార్' అనేది బ్రోకర్ల నోటి పాట. కంతు 90 రోజులు దాటి ఆగితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం (బ్యాంకు కోర్టుకెళ్లకుండా తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే చట్టం) కింద 60 రోజుల నోటీసు. అది ఓనరు పేర వస్తుంది, మీకు రాదు. గడువు దాటాక స్వాధీనం నోటీసు తలుపుకు అంటిస్తారు, రెండు పేపర్లలో వేస్తారు. అందులో ఒకటి స్థానిక భాషలో, అంటే ఇక్కడ కన్నడంలో. మనవాళ్లకు సంగతి తెలిసేది అప్పుడే. లీజుదారు డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కు) వెళ్లే దారి 2016 సవరణతో వచ్చింది. వెళ్లినా గెలుస్తారనుకోకండి. తనఖాలో ఉన్న ఇంటిని ఓనరు లీజుకివ్వడానికి ఆస్తి బదిలీ చట్టం 65ఏ సెక్షన్లో షరతులున్నాయి: ఇల్లయితే మూడేళ్లు మించకూడదు, రావాల్సినంత అద్దె రావాలి, ప్రీమియం (లీజు ఇచ్చినందుకు ఒకేసారి తీసుకునే మొత్తం) కట్టించుకోకూడదు, అద్దె ముందుగా తీసుకోకూడదు. అసలు అద్దే లేకుండా 12 లక్షలు పుచ్చుకున్న అగ్రిమెంటు ఈ షరతుల ముందు నిలబడటం కష్టం.

అన్నీ సరిపోయాయనుకుందాం, రాతకోతలు ఎలా? ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. అది తప్పించుకోవడానికే అందరూ 11 నెలల కాగితం రాస్తారు. మూడేళ్ల లీజును స్టాంపు పేపరు మీద రాసి నోటరీ ముద్ర వేయించడం అన్నిటికంటే దండగ, నోటరీ రిజిస్ట్రేషన్ కాదు. మీరు చేయించాల్సింది స్వాధీన తనఖా, ఆస్తి బదిలీ చట్టంలో 58(డి). రిజిస్టరైతే ఈసీలో మీ పేరు ఎక్కుతుంది, డబ్బు తీరేదాకా ఇల్లు మీ స్వాధీనంలో ఉంచుకునే హక్కు వస్తుంది. స్టాంపు డ్యూటీ ఎంతవుతుందో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే లెక్క కట్టించుకోండి. ఖర్చు మొత్తం నేనే పెట్టుకుంటానన్నా ఓనరు ఒద్దంటున్నాడంటే, ఈసీలో ఆ ఎంట్రీ పడకూడదని అతనికేదో కారణముంది.

డబ్బు క్యాష్‌గా అడిగితే ఇవ్వకండి. 20,000, ఆపైన అప్పు గానీ డిపాజిట్ గానీ క్యాష్‌గా పుచ్చుకుంటే ఆ మొత్తానికి సమానమైన పెనాల్టీ పుచ్చుకున్నవాడి మీద పడుతుంది. ఆ మాట చెబితే చాలు, సాధారణంగా దారికొస్తారు. డీడ్‌లో ఎవరి పేరుంటే వాళ్ల ఖాతాకే ఆర్‌టీజీఎస్ చేయండి. భార్యాభర్తల పేర ఉంటే ఇద్దరి సంతకాలూ, అన్నదమ్ముల ఉమ్మడి అయితే అందరివీ. లీజు ముగిసే తేదీతో 12 లక్షల చెక్కు తీసుకుని, దాని నంబరు అగ్రిమెంటులో రాయించండి. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. బౌన్సయితే మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు, ఆ నోటీసు అందాక 15 రోజులు చూసి, తర్వాతి నెలలోపు 138 సెక్షన్ కింద చెక్కు బౌన్స్ కేసు. డబ్బు వెంటనే రాదు గానీ, ఓనరు మీ ఫోనెత్తుతాడు.

ఖాళీ చేసే రోజు విషయం ఇప్పుడే మాట్లాడుకోండి. 'కొత్తవాళ్లు రాగానే ఇస్తా, మీరు సామాను తీసేయండి' అనే మాటకు ఒప్పుకోవద్దు. మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, డబ్బు మీ ఖాతాలో పడ్డాకే తాళాలు ఇవ్వాలి, ఆ వాక్యం అగ్రిమెంటులో ఉండాలి. తాళాలిచ్చాక మిగిలేది సివిల్ దావా, దానికి గడువు మూడేళ్లు.

నన్నడిగితే మీరు బంగారం కదిలించొద్దు. 3 లక్షలు అడ్వాన్సు, కొంచెం తగ్గించిన అద్దె అంటే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు, బేరమాడండి. టోకెన్ ఇచ్చిన కంపెనీకి ఈరోజే మెసేజ్ పెట్టండి: ఓనరు సంతకం, ఒరిజినల్ డీడ్, రిజిస్ట్రేషన్, ఈ మూడూ కుదిరితేనే మిగతా డబ్బు, లేకపోతే 10,000 వెనక్కివ్వాలి అని. ఇవ్వకపోతే పోనీయండి.