నిప్పు గిన్నె పగిలిన పాత కమాడో కొనొచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. దగ్గర్లో ఒకాయన వాడిన బిగ్ గ్రీన్ ఎగ్ మినీమ్యాక్స్ అమ్ముతున్నారు. అది కమాడో, అంటే మూత ఉన్న గుడ్డు ఆకారపు సెరామిక్ బొగ్గు పొయ్యి. లోపలి నిప్పు గిన్నెకి పగులు ఉందని ఆయనే చెప్పారు. ఇంట్లో నలుగురం. తందూరీ చికెన్, చేపలు, నాన్ చేసుకోవాలని ఉంది. తీసుకోమంటారా? చూడ్డానికి వెళ్లినప్పుడు ఏమేం గమనించాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: పొయ్యి సంగతి తర్వాత, ముందు మీ లీజు కాగితాలు తీసి చూడండి. అమెరికాలో చాలాచోట్ల అమలయ్యే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ప్రకారం అపార్ట్‌మెంట్లలో చెక్క బాల్కనీ మీద గానీ, మండే గోడకి 10 అడుగుల లోపు గానీ బొగ్గు పొయ్యి వెలిగించకూడదు. స్ప్రింక్లర్లు ఉన్న భవనాలకి కొంత మినహాయింపు ఉన్నా, కాంప్లెక్స్ వాళ్లు తమ లీజులో పూర్తిగా వద్దనొచ్చు. గరాజ్‌లో, తలుపులు తీసి ఉంచినా సరే, వెలిగించే ఆలోచన అసలు పెట్టుకోకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. పెట్టుకోవడానికి చోటు లేకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

చోటు ఉందంటే మాత్రం, నిప్పు గిన్నె పగులు చూసి వెనకాడక్కర్లేదు. బొగ్గు కూర్చునే భాగం అదే. సెగ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ తగలడంతో వ్యాకోచంలో తేడా వచ్చి ఒక నిలువు చీలిక పడుతుంది. ఇది చాలా కమాడోల్లో కనిపించేదే. ముక్కలు విడిపోయి బొగ్గు పక్కకి జారనంతవరకు వంటకి ఏమీ కాదు. ఈ గిన్నె విడిగా దొరుకుతుంది. అయితే కంపెనీ వారంటీ మొదట కొన్నవారికే వర్తిస్తుంది కాబట్టి ఆ ఖర్చు మీదే. దాన్ని ధరలో తగ్గించమనండి.

అసలు భయపడాల్సింది బయటి గుల్ల, మూత పగిలితే. కుండ కొనేటప్పుడు వేళ్లతో కొట్టి చూస్తాం కదా, అలాగే మూతనీ గుల్లనీ చుట్టూ కొట్టి వినండి. అంతటా ఖంగుమంటూ ఒక్కచోట మాత్రం మొద్దుగా మోగితే అక్కడ లోపల పగులు ఉందనుకోవచ్చు. పచ్చటి పూత మీద వెంట్రుకంత గీతలు వేరు, వాటితో నష్టం లేదు. గీత మీద గోరు ఆడిస్తే అందులో చిక్కుకుంటోందా, అదే గీత లోపలివైపూ కనబడుతోందా చూడండి. రెండూ అవునైతే డబ్బు పెట్టకండి. కింది గాలి తలుపు చుట్టూ, మూతనీ గుల్లనీ కలిపి పట్టే లోహపు పట్టీల కింద మరీ జాగ్రత్తగా చూడాలి.

మూత ఎత్తేముందు పట్టీల బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చేత్తో తడమండి. పట్టీ వదులైతే మూత జారి కింద పడి ముక్కలవుతుంది. తర్వాత గాలి చొరబడకుండా అంచు చుట్టూ అంటించిన ఫెల్ట్ గాస్కెట్ చూడండి. ఒక డాలర్ నోటు అంచు మీద పెట్టి మూత మూసి లాగండి. నాలుగు వైపులా కాస్త పట్టు తగలాలి. సులువుగా వచ్చేస్తే గాస్కెట్ కాలి అరిగిందన్నమాట. పాతది గీకేసి, అసిటోన్‌తో అంచు తుడిచి, ఆరాక కొత్తది అంటించి ఒక రాత్రి వదిలేస్తే సరిపోతుంది. కొత్తది అంటించినా కిందా పైనా అంచులు కలవకపోతే పట్టీ సర్దాలి.

అమ్మేవారు ఒప్పుకుంటే వెలిగించి చూపించమనండి, ఇంతకు మించిన పరీక్ష లేదు. వేడెక్కాక పైనా కిందా గాలి దారులు పూర్తిగా మూస్తే సెగ క్రమంగా దిగి నిప్పు ఆరిపోవాలి. దిగకపోతే ఎక్కడో గాలి చొరబడుతోంది. అలా మూసి ఉంచిన మూతని ఒక్కసారిగా ఎత్తొద్దు. రెండంగుళాలు ఎత్తి, కొన్ని క్షణాలు ఆగి, అప్పుడు తెరవండి. లేకపోతే లోపలికి దూసుకెళ్లిన గాలితో మంట ఎగసి మొహం మీదికి వస్తుంది. థర్మామీటర్‌ని తీసి మరిగే నీళ్లలో పెడితే 212 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించాలి. తేడా ఉంటే వెనక నట్టు తిప్పి సరిచేయొచ్చు.

లోపల బూజు కనిపిస్తే కంగారు పడకండి. బొగ్గు నిండా పోసి 500 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో అరగంట, గంట మండించి చల్లారాక బ్రష్ చేస్తే పోతుంది. సబ్బు నీళ్లు మాత్రం వద్దు, సెరామిక్ పీల్చేస్తుంది. అదే కారణంగా, లోపల లైటర్ ఫ్లూయిడ్ వాసన కొడుతుంటే నేనైతే కొననివ్వను. ఆ వాసన మీ చేపలకీ పడుతుంది.

వంట పెట్టే జాలీ (గ్రిల్) వెడల్పు 13 అంగుళాలు. నాలుగు పౌన్ల కోడి ఒకటో, లేక ఆరేడు లెగ్ పీసులో పడతాయి. నలుగురికి చాలు. అతిథులొస్తే రెండు వాయిలు. నాన్ ఒక్కొక్కటే కాల్చాలి, అందుకు రాయి, దాని కింద సెగ మళ్లించే సెరామిక్ పలక రెండూ కావాలి. ఆ పలక బేరంలో కలిసి వస్తోందా అడగండి, లేకుండా మొత్తం కోడి వండితే అడుగు మాడుతుంది. పెద్ద పెద్ద మాంసం ముక్కలకి ఇంత చిన్నది ఇరుకు. నా లెక్కలో, పగిలిన గిన్నె, గాస్కెట్ ధర తీసేశాక కొత్తదాని ధరలో సగానికి మించి ఇవ్వకూడదు.

తెచ్చేటప్పుడు లోపలి భాగాలన్నీ తీసి విడిగా దుప్పట్లో చుట్టండి. మూత తెరుచుకోకుండా కట్టేయండి కానీ బోల్టులు విప్పి ఊడదీయకండి, కీలులో స్ప్రింగు ఉంటే ఒక్కసారిగా తన్నుతుంది. కీలు పట్టుకుని ఎత్తకూడదు, ఇద్దరు అడుగు నుంచి పట్టాలి. ఉత్త పొయ్యే 76 పౌన్లు.

ప్రశ్న: ఇలాంటిదే ఒకటి కొని హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి తీసుకెళ్లొచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: వద్దండీ. చాలా విమానాల్లో ఒక పెట్టె 32 కిలోలు దాటకూడదు, ఇది ఒక్కటే 34 పైన ఉంటుంది. విమానం దిగేలోపు పగిలే అవకాశమూ ఉంది. మీ తమ్ముడికి తందూరీ, నాన్ కావాలంటే అక్కడే దొరికే చిన్న డ్రమ్ము తందూర్ చాలు. నాన్‌ని గోడకి కొట్టి కాల్చడం కమాడోలో ఎటూ కుదరదు.